అక్క చుట్టమైన ఇల్లు

మొన్న జనాభా లెక్కలు రాసుకునే అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చేసరికి నేనూ అక్కా వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. ఏదో బడిలో పంతులమ్మట, ఎండన పడి ఇల్లిల్లూ తిరిగి మొహం కందిపోయి ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తే తాగి, మా ఆయన పేరూ నా పేరూ రాసుకుని, అక్కవైపు చూసి ఈవిడ కూడా ఇక్కడే ఉంటారా అని అడిగింది. లేదమ్మా, మా అక్క, అల్వాల్ నుంచి ఇవాళ చూడ్డానికి వచ్చింది అన్నాను. "అయితే రాయక్కర్లేదండీ, చుట్టాలు లెక్కలోకి రారు" అంది ఆ పిల్ల, పాపం మామూలుగానే. అక్క తలెత్తకుండా చిన్నగా నవ్వి ఇంకో కాయ అందుకుంది. ఆ అమ్మాయి ఏవేవో అడుగుతూనే ఉంది, నేనూ ఏదో చెబుతూనే ఉన్నాను గాని, నా మనసు మాత్రం నలభై ఏళ్లకి పైగా వెనక్కి, మారేడ్‌పల్లికి అవతల ఉన్న మా పాత సర్కారు క్వార్టరు గుమ్మంలోకి వెళ్లి నిలబడిపోయింది.

నా వయసువాళ్లకి ఆ రోజుల్లో అద్దె ఇల్లంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదుకి వచ్చి ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పనిలో కుదిరాడు. నాన్నా, అమ్మా, నాయనమ్మా, అక్కా, నేనూ, అయిదుగురం ఒక సందులో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇంటావిడ చెడ్డదేం కాదు గాని, కొళాయి దగ్గర మా వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోయేవి, వానాకాలంలో కురవని మూల వెతుక్కుని మంచం అటూ ఇటూ జరుపుకోవడం సరిపోయేది, ఏడాది తిరిగేసరికి మా బంధువులొస్తున్నారు, మీరు వేరే చూసుకోండి అనేది. అలా ఇళ్లు మారి మారి, కొత్తచోట చేరినా అమ్మ సామాను పూర్తిగా విప్పడం మానేసింది. ట్రంకుపెట్టెల మీదే బట్టలు, మూటల్లోనే గిన్నెలు. ఎప్పుడు కట్టాల్సొస్తుందో అన్నట్టు ఉండేది మా కాపురం.

అలాంటి రోజుల్లో, తక్కువ సంపాదన ఉన్నవాళ్ల కోసం సర్కారు కట్టించిన ఇళ్లలో ఒకటి మాకు దొరికింది. దానికోసం నాన్న ఎంతకాలం తిరిగాడో నాకు సరిగ్గా తెలీదు. ఆదివారం ఆరాధనలో నాయనమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిపినంతసేపూ అడిగేది ఆ ఇల్లేనని మాత్రం తెలుసు. రెండు చిన్న గదులు, వెనకాల వంటిల్లు, పెరట్లో మా ఒక్కరికే ఒక కొళాయి. దాన్ని అక్కడివాళ్లు నల్లా అనేవాళ్లు, కొన్నాళ్లకి అమ్మ కూడా నల్లా అనడం మొదలుపెట్టింది. తోపుడుబండి మీద సామాను వేసుకుని వెళ్లిన రోజున, బండి దింపకముందే అమ్మ పెరట్లోకి వెళ్లి ఆ నల్లా తిప్పి, నీళ్లు ధారగా పడుతుంటే ఆపకుండా చూస్తూ నిలబడింది. నీళ్లు వృథా అవుతున్నాయే అని నాయనమ్మ అరిచేదాకా ఆవిడకి తెలియలేదు. ఆ సాయంత్రమే అమ్మ మూటలన్నీ విప్పింది. గిన్నెలు వరసగా బోర్లించింది. ఇక్కడ సర్దుకుంటున్నామనే మాట మా ఇంట్లో నేను విన్నది అదే మొదలు.

పక్కింట్లో ఉండే ఆవిడని మేము అత్తమ్మ అని పిలిచేవాళ్లం. ఆవిడ భర్త మోండా మార్కెట్టు దగ్గర బండి మీద పళ్లు అమ్మేవాడు. మాటా ఆచారమూ వేరైనా, మొదటి వారంలోనే ఆవిడ అమ్మని వదినె అని వరస కలుపుకుంది. గోడ మీంచి కూరగిన్నెలు ఇటూ అటూ నడిచేవి. ఆవిడ బతుకమ్మకి పూలు కోయడానికి అక్కనీ నన్నూ వెంట తీసుకెళ్లేది, క్రిస్మసుకి అమ్మ చేసిన గులాబీ పువ్వుల్లో సగం ఆ గోడ దాటేవి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇల్లు మాకు నాలుగు గోడలు మాత్రమే కాదు. సికింద్రాబాదులో మాకూ ఒక ఊరుందనిపించింది ఆ ఇంట్లోనే.

అక్క నాకన్నా ఏడేళ్లు పెద్దది. ముందుగదిలో కిటికీ కింద మా ఇద్దరి చాప. నిజానికి చోటంతా నాదే, అక్క గోడకి ఆనుకుని ఒదిగి పడుకునేది. పొద్దున్న నాకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేది, నా యూనిఫారం తనే కుట్టేది, చర్చి పాటల బృందంలో కింది శ్రుతి పాడేది. ట్రెయినింగు పూర్తిచేసి, ఏడాదిపాటు ఎక్కడెక్కడో దరఖాస్తులు పెట్టి, చివరికి అల్వాల్‌లో ఒక బడిలో టీచరు ఉద్యోగం సంపాదించింది. ఆ సంగతి తెలిసిన రోజున నాన్న ఆఫీసు నుంచి వస్తూ జిలేబీ తెచ్చాడు. కాగితం పొట్లం నూనె ఓడి, చొక్కా జేబు మీద మరక పడినా ఆయన చూసుకోలేదు. నాయనమ్మ ఒక కీర్తన అందుకుంది. గోడవతల నుంచి అత్తమ్మ కూడా వచ్చి అక్క తల నిమిరి మెటికలు విరిచింది.

ఆ సంతోషం ఒక రాత్రి నిలిచిందో లేదో. మర్నాడు నాన్నే మెల్లిగా ఎత్తాడు ఆ మాట. ఆ ఇళ్లకి ఒక షరతుండేది. ఇంట్లో ఉంటున్నవాళ్లందరి సంపాదనా కలిపి సర్కారు పెట్టిన హద్దు దాటకూడదు, దాటితే ఖాళీ చెయ్యాలి. నాన్న జీతం ఆ హద్దుకి కిందనే ఉన్నా బాగా దగ్గరగా ఉంది. అక్క జీతం ఎంత చిన్నదైనా దానికి కలిస్తే దాటిపోతాం.

ఆ మాటకి భయపడ్డానికి మాకు కారణం ఉంది. అంతకుముందు ఎండాకాలంలోనే మా ఎదురు వరసలో చివరి ఇంటివాళ్లని ఖాళీ చేయించారు. వాళ్ల పెద్దకొడుకుకి ఏదో కార్ఖానాలో పని దొరికింది. ఆ కుర్రాడి సంపాదనని లెక్కలోకి తీసుకుని ఇల్లు తీసేసుకున్నారు. మిట్టమధ్యాహ్నం సామానంతా రోడ్డు పక్కన పెట్టుకుని, ఆ ఇంటావిడ రుబ్బురోలు మీద కూర్చుని ఉంటే, బడి నుంచి వస్తూ చూశాను. కొంగు నెత్తిన వేసుకుని ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. నాలుగు నెలల తర్వాత ఆ కుర్రాడి పని కూడా పోయిందనీ, వాళ్లు ఎక్కడో యాప్రాల్ అవతల గుడిసె వేసుకున్నారనీ అత్తమ్మ చెప్పింది. పోయిన ఇల్లు మళ్లీ రాలేదు.

అక్క ఉద్యోగమూ అలాంటిదే. ఏడాది చూసి గాని పర్మనెంటు చెయ్యరు. అందరం కలిసి బయట ఇల్లు తీసుకుంటే తన జీతం అద్దెకే చాలదు, నాయనమ్మ ఆయాసం మందులున్నాయి, నా చదువుంది. తీరా ఏడాది తిరిగేసరికి వద్దంటే ఇల్లూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు. నాన్న ఇవన్నీ ఒక్కొక్కటిగా చెబుతుంటే అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. ఉద్యోగం మానెయ్యమని గాని, ఇల్లు వదిలేద్దామని గాని ఎవరూ అనలేదు. కాసేపటికి అక్కే అంది, బడి పక్కనే ఇంకో టీచరు అద్దెకుంటోందనీ, గదిలో చోటుంది రమ్మంటోందనీ, అక్కడుంటే పొద్దున్నే ప్రార్థనకి అందుకోవచ్చనీ. ఏదో తన సౌకర్యం కోసమే అడుగుతున్నట్టు అంది. ఆ మాటని మేమందరం నమ్మినట్టే ఉన్నాం. నాన్న తలూపాడు. అమ్మ బియ్యం చేట మరీ దగ్గరగా పెట్టుకుని ఏరడం మొదలుపెట్టింది. పదమూడేళ్లదాన్ని, నాకూ తెలుసు అది సౌకర్యం కాదని. తెలిసీ నేనడిగింది ఒకటే, అయితే కిటికీ దగ్గర చాప నాదేనా అని.

రేషను కార్డులో అక్క పేరు కొట్టేయించారు. ఒక ట్రంకుపెట్టె తీసుకుని అక్క అల్వాల్ వెళ్లింది. ఆ తర్వాత ఆదివారాలు చర్చి నుంచి మాతో ఇంటికి వచ్చేది, భోంచేసేది, సాయంత్రానికి వెళ్లిపోయేది. మొదట్లో అమ్మ పొద్దున్నే నీళ్లు పట్టేటప్పుడు అలవాటుగా అక్కని పేరు పెట్టి కేకేసి, సగంలో ఆగిపోయేది. తర్వాత్తర్వాత ఆ కేక నా పేరుకి మారింది. అక్క వచ్చినప్పుడు చిన్న చిన్న తేడాలు కనిపించడం మొదలయ్యాయి. తిన్న కంచం తనే కడిగి పెట్టేది గాని, ఏ గూట్లో పెట్టాలో ఒక్క క్షణం ఆలోచించేది. అమ్మ ఆదివారం కూర ఎక్కువ చేసేది. నాన్న అక్కతో మాట్లాడేటప్పుడు కాస్త మర్యాదగా మాట్లాడేవాడు, అది నాకప్పుడు బాగుందనిపించేది కూడా. నా పుస్తకాలు కిటికీ కింద బారుగా పేర్చుకున్నాను. రాత్రిళ్లు చాప మీద కాళ్లు చాపుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది. ఆ హాయి గుర్తున్నందుకే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను పదో తరగతిలో ఉండగా అక్కకి కామెర్లు చేశాయి. వారం రోజులు గదిలోనే పడుండి, చివరికి తోటి టీచరు రిక్షాలో తీసుకొచ్చి దింపింది. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. అమ్మ కిటికీ కింద నా పుస్తకాలు తీసి పక్కకి పెట్టి, అక్కడ అక్కకి పక్క వేసింది. పథ్యం పెట్టింది, మజ్జిగన్నం కలిపి ముద్దలు నోటికి అందించింది. అత్తమ్మ భర్త మార్కెట్టు నుంచి రోజూ చెరుకు ముక్కలు పంపేవాడు. ఆ రోజుల్లో అమ్మ మొహంలో ఒక వెలుగుండేది. బిడ్డ జబ్బుతో ఉంటే తల్లి మొహం వెలగడమేమిటంటారేమో. రాత్రి లేచి చూసుకోడానికి బిడ్డ పక్కనే ఉంది మరి, అన్నాళ్ల తర్వాత.

కొన్ని రోజులు గడిచాయి. ఎవరైనా చెప్పారో, లేక మామూలుగా తిరిగే తిరుగుడో, నాకు తెలీదు. ఒక మధ్యాహ్నం నాన్న ఆఫీసులో ఉన్నాడు, పరీక్షలకి చదువుకోడానికి సెలవులిచ్చారని నేనింట్లో ఉన్నాను. అత్తమ్మ గోడ మీంచి గొంతు తగ్గించి పిలిచింది.

"వదినె, గా కొసకు సారు దిగిండు. ఇంటింటికి తిరిగి సూస్తున్నడు. పెద్దపిల్లను జెర మా ఇంట్లకు పంపు, జల్ది."

అమ్మ గోడ దగ్గరే నిలబడిపోయింది. అక్క మాత్రం అప్పటికే లేచి కూర్చుంది. గోడ పట్టుకుని నిలబడి, నలిగిన చీరె కుచ్చెళ్లు సర్దుకుని, వేళ్లతో జుట్టు వెనక్కి తోసి ముడేసుకుంది. నన్ను సైగ చేసి పక్కబట్టలు చుట్టేయమంది. నేను చుట్టి మంచం కిందకి తోశాను. అక్క పెరటి వైపు రెండడుగులు వేసిందో లేదో, ముందు గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఇళ్ల తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు. నడివయసు మనిషి, చంకలో కాగితాల కట్ట, చెమటకి తడిసిన కాలరు. చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. కఠినంగా ఉండుంటే నాకిప్పుడు కోపగించుకోడానికి ఒక మనిషైనా ఉండేవాడు.

"ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?" అన్నాడు.

"నలుగురమండీ" అంది అమ్మ. కాగితాల ప్రకారం అది నిజమే.

ఆయన మా ముగ్గురినీ చూశాడు, తర్వాత అక్కని చూశాడు. "మరి ఈ అమ్మాయి?"

అమ్మ నావైపు చూసింది. నాయనమ్మ మంచం మీంచి ఏదో అనబోయి దగ్గులో పడిపోయింది. పెళ్లికాని కూతురని చెబితే ఇక్కడే ఉంటోందని రాసుకుని, తన జీతమూ లెక్కలో కలిపేస్తాడు. రోడ్డు పక్కన రుబ్బురోలు మీద కూర్చున్న ఆ మనిషే నా కళ్లముందు మెదిలింది, కాకపోతే ఈసారి ఆ కొంగు కింద మా అమ్మ మొహం ఉంది. అప్పుడు అక్క మాట్లాడింది. అమ్మవైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, చర్చిలో తెలిసినవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది.

"ఇంక నేను వెళ్లొస్తానండీ అత్తయ్యగారూ. మామ్మగారి చేత ప్రార్థన చేయించుకుందామని వచ్చాను, చాలా నెమ్మదిగా ఉంది. ఆలస్యమైతే మా అమ్మ ఎదురుచూస్తుంది."

మా అమ్మ ఎదురుచూస్తుంది. ఆ మాట మా అమ్మ మొహంలోకి చూస్తూనే అంది అక్క.

ఆ పెద్దమనిషి అక్క కళ్లు చూసి జాలిపడ్డాడు. "ఒంట్ల మంచిగ లేనట్టుంది గదమ్మా. రిక్షా పిలిపియ్యాల్నా?" అన్నాడు. వద్దండీ, దగ్గరే అంది అక్క. అమ్మ అప్పుడు, ఎక్కణ్ణించి తెచ్చుకుందో ఆ గొంతు, "వెళ్లి రా అమ్మా, జాగ్రత్త" అంది, అచ్చం పొరుగింటి పిల్లని సాగనంపినట్టు. అక్క గుమ్మం దాటి ఎండలోకి దిగింది. నేను వెంట వెళ్లొచ్చు. చర్చిలో తెలిసినామెని వీధి చివరిదాకా దిగబెట్టడంలో అనుమానపడ్డానికేముంది? కాని నేను వెళ్లలేదు. గోడకి ఆనుకుని నిలబడి, ఆయన కాగితం మీద ఏదో రాసుకుని బయటికి నడిచేదాకా అక్కడే ఉండిపోయాను. ఆయన వెళ్లాక నాకు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, ఇల్లు దక్కింది అనుకున్నాను. ఆ దుఃఖం వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక మళ్లీ పోలేదు.

అత్తమ్మ ఊరుకోలేదు. గొడుగు పట్టుకుని వెనకాలే పరుగెత్తి, వీధి మలుపులో అక్కని పట్టుకుని, చుట్టూ తిప్పి వెనకదారిన తన వంటింట్లోకి తెచ్చి పడుకోబెట్టింది. సారు ఎల్లిపోయిండు, ఇగ మీ ఇంటికి పో బిడ్డా అని ఎంత చెప్పినా అక్క రానందట. పొద్దు వాలాక రిక్షా పిలిపించుకుని అల్వాల్ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అత్తమ్మ వచ్చి గడప మీద కూలబడి అంది, "పిల్ల ఏడ్వనన్న ఏడ్వలే వదినె. జెర్రన్ని నీళ్లు తాగింది, గంతే. ఏడిస్తే మంచిగుండు." అమ్మ మాత్రం అప్పటికింకా పొయ్యి ముందు నుంచి లేవలేదు. పొయ్యి మీద అక్క కోసం పెట్టిన జావ అలాగే ఉంది.

నాన్న వచ్చి సంగతి విని, చొక్కా అయినా మార్చుకోకుండా సైకిలెక్కి అల్వాల్ వెళ్లాడు. బాగా పొద్దుపోయి తిరిగొచ్చి, పడుకుంది, బాగానే ఉంది అని మాత్రం అన్నాడు. అన్నం తినలేదు. మర్నాడు అమ్మా నాన్నా ఒకే మాట మీదికొచ్చారు, ఈ ఇల్లు వదిలేద్దాం, ఎక్కడో ఒక గది చూసుకుందాం, అందరం ఒకచోట ఉందాం అని. ఆ మాట చెప్పడానికి నాన్న మళ్లీ వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. అక్క ఉన్న గది నేను చూడ్డం అదే మొదటిసారి. ఒక మంచం, ఒక కిరసనాయిలు పొయ్యి, దండెం మీద రెండు చీరెలు. అక్క గోడకి ఒరిగి కూర్చుని నాన్న చెప్పిందంతా విని, నెమ్మదిగా అంది.

"వద్దు నాన్నా. ఇప్పుడు వదులుకుంటే నేను ఇన్నాళ్లూ ఇక్కడెందుకు ఉన్నట్టు? అమ్మ మళ్లీ మూటలు కట్టుకోవడం నేను చూడలేను. దీని చదువు అవనివ్వండి."

దీని చదువు అంటూ నా తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాలిపోతోంది. నాన్న దండెం మీది చీరెలవైపు చూస్తూ సరేనమ్మా అన్నాడు. ఆయన గట్టిగా కాదని ఉంటే అక్క వచ్చేసేదేమోనని చివరి రోజుల దాకా అనుకునేవాడట. ఆ సంగతి నాకు అమ్మ చెప్పింది, ఆయన పోయిన తర్వాత.

అక్క కోలుకుంది, ఆలస్యంగానైనా ఉద్యోగం పర్మనెంటయింది. ఆ బడిలోనే లెక్కలు చెప్పే ఒక మంచిమనిషితో పెళ్లి కుదిరింది. చర్చిలో వరసగా ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతారు గదా, అయ్యగారు అక్క పేరు చదివి, అల్వాల్ నివాసి అన్నారు. పక్కన కూర్చున్న అమ్మ చేతిలోని పాటల పుస్తకం మూసింది. పెళ్లికూతుర్ని మా ఇంటి నుంచి బయల్దేరదీయడానికి కూడా భయపడ్డాం, మళ్లీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని. అప్పటికి ఆ భయం మా ఇంట్లో ఒక మనిషిలా కుదురుకుపోయింది. అక్క ఆ తోటి టీచరు గదిలోనే ముస్తాబై చర్చికి వచ్చింది. అమ్మ అక్కడికే వెళ్లి తలలో పూలు పెట్టి వచ్చింది.

మరికొన్నేళ్లకి సర్కారు ఆ ఇళ్లని అద్దెకున్నవాళ్లకే వాయిదాల మీద ఇచ్చేసింది. షరతు లేదు, తనిఖీ లేదు. ఆ ఏడాదే నాకు బ్యాంకులో ఉద్యోగమొచ్చింది. మళ్లీ నాన్న జిలేబీ తెచ్చాడు. అక్కని తలుచుకుని నేనది తినలేకపోయాను అని ఇక్కడ రాయాలని ఉంది. కాని తిన్నాను. సంతోషంగా తిన్నాను. పెళ్లయ్యేదాకా ఆరేళ్లు, నెలనెలా జీతం తెచ్చుకుంటూ, అదే కిటికీ కింద పడుకున్నాను, పొద్దున్నే అమ్మ ఇచ్చిన కాఫీ తాగి ఆఫీసుకి వెళ్లాను. అదే ఇల్లు, అదే తల్లిదండ్రులు, ఇద్దరం ఆడపిల్లలమే, ఇద్దరం సంపాదించినవాళ్లమే. నేను ఆలస్యంగా పుట్టాను, అంతే. నాలో ఏ గొప్పా లేదు, తనలో ఏ తప్పూ లేదు. ఎవరిమీదా నెట్టలేను గనకే అది ఇంతకాలం నా దగ్గరే ఉండిపోయింది.

నాన్న పోయాక అమ్మ మంచం పట్టినప్పుడు, ఇద్దరం వంతులేసుకుని ఆ ఇంట్లో ఉన్నాం. నేను పగలు, అక్క రాత్రిళ్లు. పెళ్లి కాకముందు కామెర్లతో పడుకున్న ఆ కొద్దిరోజులు పోగా, అల్వాల్ వెళ్లిన తర్వాత అక్క ఆ ఇంట్లో రాత్రి గడపడం అదే. ఒక సాయంత్రం నేను బయల్దేరుతుంటే వంటింట్లోంచి అడిగింది, ఉప్పు ఎక్కడ పెడతారే అని. అప్పటికి ఆ ఇల్లు మాకు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పొయ్యి పక్కన చిన్న గూట్లో అని చెప్పి, నేను వీధిలోకి వచ్చేశాను. బస్టాపులో నిలబడి, వచ్చిన బస్సులన్నీ వదిలేశాను.

అమ్మ చివరి రోజుల్లో మాట తగ్గిపోయింది. ఒక తెల్లవారుజామున మాత్రం అక్క చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇక్కడే ఉన్నావా?" అందట. ఉన్నానమ్మా అంటే, "ఉండు" అందట. అంతే. క్షమించమనడానికి అమ్మకి అంతకంటే మాటలు దొరికి ఉండవు. ఈ సంగతి అక్కే నాకు చెప్పింది, కళ్లు తుడుచుకోకుండా, సంతోషంగా. నేనూ అలాంటి మాటే ఏదో అనబోయాను. నాకు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ కాలనీని ఇప్పుడు చూస్తే మీరు గుర్తుపట్టలేరు. ఇళ్లు కొనుక్కున్నవాళ్లు, వాళ్ల దగ్గర కొన్నవాళ్లు కలిసి అంతస్తుల మీద అంతస్తులు లేపారు, మా ఇల్లున్నచోట మోటారుసైకిళ్లు బాగుచేసే షాపు నడుస్తోంది. ఎవరింట్లో ఎవరుంటున్నారని అడగడానికి ఎవరూ రారు. అడిగినా పక్కింటివాళ్లకి తెలీదు. సర్కారు ఇళ్లు ఎక్కడో ఊరికి దూరంగా కడుతూనే ఉంది, వాటికీ ఏవో హద్దులు ఉండే ఉంటాయి. ఉద్యోగం వచ్చిన ఏ ఆడపిల్లో, ఇంటికి భారం కాకూడదని, ఏదో సౌకర్యం చెప్పి పెట్టె సర్దుకుంటూనే ఉండి ఉంటుంది. ఆ రోజుల్లో అందరం ఒక గదిలో ఇరుక్కుని పడుకుంటూ, ఎప్పటికైనా చోటుంటే బాగుండునని కలలుగన్నాం. ఆ చోటు వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు మూడు పడగ్గదులున్నాయి, ఒకదాని తలుపు వారానికోసారి దుమ్ము దులపడానికే తీస్తాను.

అక్క నెలకోసారైనా వస్తుంది. వచ్చినరోజు ఇద్దరం కలిసి వండుకుంటాం, మధ్యాహ్నం పక్కపక్కన నడుం వాలుస్తాం, మాట్లాడుకుంటాం. అయిదు దాటేసరికి అక్క చెప్పుల కోసం చూసుకోవడం మొదలుపెడుతుంది. ఈ రాత్రికి ఉండిపోవే అని ప్రతిసారీ అంటాను. ఎందుకే, చీకటి పడితే బస్సులు దొరకవు అంటుంది. ఇప్పుడు అల్వాల్‌కి పొద్దుపోయేదాకా బస్సులుంటాయి, ఫోను చేస్తే ఆటో గుమ్మం ముందుకే వస్తుంది. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇంకో మాట అనకుండా, తన వెనకాలే వీధి చివరిదాకా నడుస్తాను.